రేగు కొమ్మకు చీటీలు

ధనుర్మాసం పట్టిందంటే మా నరసరావుపేట బజార్లో రెండు రకాల సరుకు దిగుతుంది. ఒకటి కొత్త బెల్లం, రెండోది రగ్గుల బేళ్ళు. బెల్లం ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు. ఆ రగ్గులు మాత్రం కొన్నవాళ్ళు కప్పుకునేవి కావు. క్లబ్బుల వాళ్ళూ, సంఘాల వాళ్ళూ, నాయకుల పుట్టినరోజులు చేసేవాళ్ళూ డజన్ల లెక్కన పట్టుకెళ్ళి ముసలీముతకకు పంచిపెడతారు. మీ ఊళ్ళోనూ ఇదే వరస అయ్యుంటుంది, అవునా?

మాది రొంపిచెర్ల. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు తాగే ఊరు. మిరప, పత్తి మా బతుకు. 2022 ఏప్రిల్ దాకా గుంటూరు జిల్లా అని రాసుకునేవాళ్ళం, ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నాం. ఈ ఊళ్ళో మాకో ఆడవాళ్ళ సేవా క్లబ్బు ఉంది. క్లబ్బు అనగానే పేకాట అనుకునేరు! ఇరవై ఇద్దరం ఆడవాళ్ళం, నెలకి వంద రూపాయలు చందా, రెండో శనివారం మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక ఎవరో ఒకరింట్లో మీటింగు. టీ, ఒక కారం, ఒక తీపి. మీటింగులో సగంసేపు కోడళ్ళ కబుర్లే అని మావారు ఎద్దేవా చేస్తారు గానీ, ఆ మిగిలిన సగంలోనే బడికి నీళ్ళ ఫిల్టరు పెట్టించాం. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఏటా భోగికి ముందురోజు మేమూ రగ్గులే పంచేవాళ్ళం. గుడి ముందు షామియానా, వెనక ఫ్లెక్సీ, పేట నుంచి ఒక పెద్దమనిషి ముఖ్య అతిథి. ఫొటోల్లో చూశారా ఎప్పుడైనా? ఒక్క రగ్గు మీద ఆరు చేతులుంటాయి. పుచ్చుకునే ముసలమ్మ మొహం ఆ చేతుల వెనక ఎక్కడో ఉంటుంది. రెండేళ్ళ కిందట ఒకావిడ రగ్గు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి అందరిముందూ అనేసింది. "నిరుడు మీరిచ్చిందీ, దానికి ముందు పార్టీవోళ్ళిచ్చిందీ మడతలు ఇప్పకుండా అట్టానే ఉన్నయ్యమ్మాయ్. మూడోది పెట్టుకోటానికి పెట్టె లేదు, ఆ పెట్టేదో ఇయ్యకూడదూ?"

అందరం నవ్వాం. మా టీచరమ్మ గారు మాత్రం నవ్వలేదు.

టీచరమ్మ గారంటే మా క్లబ్బు ట్రెజరరు. ముప్పై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మంది ఆవిడ చేతి బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే కాబట్టి చందా ఎగ్గొట్టే ధైర్యం ఎవరికీ లేదు. ఆవిడ కొడుకు అమెరికాలో షికాగో పక్కన నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉంటాడు. కోడలికి నెలలు నిండుతున్నాయని, పోయినసారి దసరా వెళ్ళగానే ఆవిడ ప్రయాణం కట్టారు. రెండు పెట్టెలు, ఒక్కోటి ఇరవై మూడు కిలోలు. అందులో గోంగూర పచ్చడి, కందిపొడి, బాలింత కోసం శొంఠి, మా మిరప్పండ్ల కారం. క్లబ్బు లెక్కల పుస్తకం నా చేతికిచ్చి, "రూపాయి తేడా వస్తే అక్కడినుంచే బెత్తం పుచ్చుకుంటా" అని విమానం ఎక్కారు.

ఆవిడ చూసొచ్చిన వింతలు రాయాలంటే ఈ పత్రిక చాలదు. మంచులో చెప్పులతో బయటికెళ్ళి కొడుకు చేత చీవాట్లు తిన్న సంగతి, అరోరా ఊళ్ళో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళి పులిహోర ప్రసాదం తింటే సొంత ఊరికి వచ్చినట్టయిందన్న సంగతి, 1893లో వివేకానందుడు మాట్లాడిన భవనం మెట్ల మీద నిలబడి దణ్ణం పెట్టుకున్న సంగతి... ఇవన్నీ వాట్సాప్‌లో చెప్పేవారు. అక్కడ రాత్రయితే మనకి తెల్లవారుతుంది కదా, నేను పాలు కాస్తూ ఉంటే ఆవిడ పడుకోబోతూ ఫోన్ చేసేవారు.

డిసెంబరు మొదట్లో ఒకరోజు చేసిన ఫోను మాత్రం కబుర్ల కోసం కాదు. "నువ్వు ఒక కాగితం, పెన్ను తెచ్చుకో" అన్నారు.

అక్కడ పెద్ద బజారు, మాల్ అంటారే, దాని మధ్యలో క్రిస్మస్ చెట్టు పెట్టారట. చెట్టు నిండా దీపాలకి బదులు కాగితపు దేవదూతలు వేలాడుతున్నాయట. ఒక్కో కాగితం మీద ఇట్లా రాసుంది: అమ్మాయి, ఏడేళ్ళు, కోటు సైజు ఇంత, ఊదారంగు ఇష్టం. ఇంకోదాని మీద: అబ్బాయి, పదకొండేళ్ళు, బూట్ల సైజు ఇంత, బొమ్మలు వేసుకునే రంగులు కావాలి. పేరు లేదు, ఊరు లేదు, ఫొటో లేదు. దారిన పోయేవాళ్ళు నచ్చిన కాగితం తెంపుకుని, అందులో రాసింది కొని, కాగితంతో సహా అక్కడ ఒప్పజెప్పి పోతారు. ఆ వస్తువు పిల్లవాడి చేతికిచ్చేది ఆ క్లబ్బు వాళ్ళు కాదు, వాడి అమ్మానాన్నలే. పండగ పూట పిల్లవాడికి తెలిసేదల్లా తన తండ్రి తనకి బూట్లు కొన్నాడని!

"అదీ విషయం. ఆ తండ్రి మొహం ఎవరూ చూడలేదు, చూశావా?" అన్నారు టీచరమ్మ గారు.

ఈ చెట్టును 'ఏంజెల్ ట్రీ' అంటారు. 1979లో వర్జీనియా రాష్ట్రంలో లించ్‌బర్గ్ అనే ఊళ్ళో సాల్వేషన్ ఆర్మీకి చెందిన భార్యాభర్తలిద్దరు, ఛార్లెస్ వైట్, షర్లీ వైట్ అనేవాళ్ళు దీన్ని మొదలుపెట్టారు. దేవదూతల బొమ్మలున్న గ్రీటింగు కార్డుల మీద పిల్లల అవసరాలు రాసి మాల్‌లో చెట్టుకు తగిలించారు. సాల్వేషన్ ఆర్మీ అంటే మనకి తెలియని పేరేం కాదు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటును తెల్లవాళ్ళ కాలంలో నడిపింది ఆ సంస్థే. షికాగో అంగళ్ళ ముందు ఎర్ర డబ్బా పెట్టుకుని గంట వాయిస్తూ చందాలు అడిగేవాళ్ళూ వాళ్ళేనట. ఆ డబ్బా 1891లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పేదవాళ్ళ క్రిస్మస్ భోజనం ఖర్చుల కోసం పుట్టింది.

ఇక్కడ మీకు ఇంకో ఇల్లాలి కథ చెప్పాలి. 1947లో లాస్‌ఏంజెలెస్‌లో డయాన్ హెండ్రిక్స్ అనే ఆవిడ గుడ్డ బొమ్మ ఒకటి కుట్టి, దీన్ని క్రిస్మస్‌కి ఎవరైనా లేని పిల్లకి ఇచ్చే సంస్థ ఉంటే ఇచ్చి రమ్మని మొగుడి చేతికిచ్చింది. ఆయన నేవీ తరహా సైన్యంలో, మెరీన్స్ అంటారు, రిజర్వు ఆఫీసరు. తిరిగొచ్చి, అట్లాంటి సంస్థ ఏదీ లేదే అన్నాడు. "లేకపోతే నువ్వు పెట్టు" అంది ఆవిడ. అట్లా పుట్టిందే 'టాయ్స్ ఫర్ టాట్స్'. ఇప్పటికీ ప్రతి డిసెంబరులో దేశమంతటా పిల్లలకి బొమ్మలు పోగుచేస్తున్నారు. పేరు మాత్రం ఆయనకే ఎక్కువ వచ్చింది, అది మామూలేగా!

ఈ సేవా క్లబ్బుల పుట్టిల్లు కూడా షికాగోనే. 1905 ఫిబ్రవరి 23న పాల్ హారిస్ అనే లాయరు ముగ్గురు స్నేహితులతో కూర్చుని రోటరీ మొదలుపెట్టాడు. ఒకరి ఆఫీసులో ఒకసారి చొప్పున తిరుగుతూ సమావేశమయ్యేవాళ్ళు కాబట్టి ఆ పేరు. 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్సు వ్యాపారి లయన్స్ క్లబ్బులకి నాంది పలికిందీ అక్కడే. టీచరమ్మ గారికి వీటిలో బాగా నచ్చిన సంగతి ఏమిటో తెలుసా? రోటరీ వాళ్ళు ఊరికోసం మొదటగా చేసిన పని దుప్పట్లు పంచడం కాదు. 1907లో షికాగో నడిబొడ్డున జనానికి మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టి సాధించడం. ఫొటో దిగడానికి అందంగా ఉండే పని కాదది. ఊరికి కావలసిన పని.

అయితే ఈ పెద్ద క్లబ్బుల్లో ఆడవాళ్ళకి చాలాకాలం చోటు లేదు. లయన్స్ వాళ్ళు 1987లో, రోటరీ వాళ్ళు 1989లో గానీ తలుపులు తియ్యలేదు. 1924 జనవరి 10న ఇంగ్లాండులోని మాంచెస్టరులో రోటరీ సభ్యుల భార్యలు మార్గరెట్ గోల్డింగ్ అనే ఆవిడ చొరవతో విడిగా కూర్చున్నారు, వేరే చోటు దొరక్క ఒక టర్కీ స్నానశాలలో! అదే 'ఇన్నర్ వీల్'. మన పట్టణాల్లోనూ ఇన్నర్ వీల్ క్లబ్బులున్నాయి, మీలో కొందరు సభ్యులై ఉంటారు కూడా. మాకు అంత వంశవృక్షం లేదు. ఏ పెద్ద సంస్థకీ అనుబంధం కాదు. అందుకే రూల్సు మార్చుకోవాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు, ఇరవై ఇద్దరి నోళ్ళు మూయించగలిగితే చాలు.

ఆ పనే కష్టమైంది.

రెండో శనివారం మీటింగులో టీచరమ్మ గారు ఫోనులోంచి మాట్లాడారు. ఫోనును పంచదార డబ్బాకి ఆనించి అందరం చుట్టూ కూర్చున్నాం. ఈసారి రగ్గులు వద్దు, ముందు ఇళ్ళకి వెళ్ళి ఏం కావాలో అడగండి, పేరు లేకుండా చీటీ రాయండి, ఆ చీటీ మనలో ఒకరు తీసుకుని ఆ వస్తువు కొనండి, షామియానా వద్దు, ఫ్లెక్సీ వద్దు, ఫొటో వద్దు అన్నారు. మొదటి మూడింటికీ తలలూపారు. ఫొటో వద్దనగానే మా ప్రెసిడెంటు గారి మొహం మాడింది. ఆవిడనీ తప్పు పట్టలేం. పేటలో మాకు రగ్గులిచ్చే బట్టల వ్యాపారి సగం ధరకే ఇస్తాడు, ఫ్లెక్సీ మీద ఆయన కొట్టు పేరుంటుందనే కదా! ముఖ్య అతిథి ఇచ్చే ఐదువేలూ అంతే. ఫొటో లేకపోతే ఆ రెండూ పోతాయి. "పేదవాళ్ళ నోటి దగ్గర కూడు మీ పంతం కోసం తీసేస్తారా టీచరమ్మ గారూ?" అని సూటిగా అడిగేశారు ప్రెసిడెంటు గారు. ఆ ప్రశ్నకి ఫోనులో కాసేపు మాట లేదు.

తర్వాత టీచరమ్మ గారు అన్నది ఇదీ. "మన ఇళ్ళకి హరిదాసు వస్తాడు. పిల్ల చేత దోసెడు బియ్యం పోయిస్తాం. ఆయన మోకాలి మీద వంగుతాడు, తల మీది అక్షయపాత్రలో పోస్తాం, పాడుకుంటూ వెళ్ళిపోతాడు. పోసిందెవరని తలెత్తి చూడడు. సంక్రాంతికి గుమ్మడికాయలో నాణెం దాచి గుప్తదానం ఇవ్వడం మా అమ్మమ్మ చేసేది. నేను అమెరికా నుంచి కొత్తగా మోసుకొస్తున్నదేమీ లేదమ్మా. మన దగ్గర ఉన్నదే అక్కడ చెట్టుకు కట్టి చూపించారు."

చివరికి ఈ ఒక్క ఏడూ చూద్దాం అని ఒప్పుకున్నారు. చందా మీద తలా మూడొందలు అదనంగా వేసుకున్నాం. ఇద్దరు క్లబ్బు మానేశారు. అది కూడా రాయాలి కదా.

అడగడం అనేది చెప్పినంత తేలిక కాదండీ. మీరు ఒకరింటికెళ్ళి "నీకేం కావాలి?" అంటే ఏమంటారు? "ఏదో మీ దయ తల్లీ" అంటారు. ఇరవై ఏళ్ళుగా ఇచ్చింది పుచ్చుకోవడమే గానీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు కాబట్టి ఆ ప్రశ్నకి జవాబే అలవాటు లేదు. అందుకని మేము ప్రశ్న మార్చాం. పొద్దున లేచి ఏం చేస్తారు, ఏం పని కష్టంగా ఉంది అని కబుర్లలో పెట్టాం. అప్పుడు బయటపడ్డాయి.

చెప్పులు. రబ్బరు స్లిప్పర్లు కాదు, చేలో గట్టు మీద జారనివి. చేతికర్ర. స్టవ్ దగ్గర కూర్చోవడానికి మోకాళ్ళ నొప్పుల మనిషికి ఎత్తు పీట. హైస్కూలు ఆడపిల్లలకి లోపలి బట్టలు, నెలసరి పాడ్లు. ఇది చెప్పడానికి ఒక తల్లి నన్ను దొడ్లోకి తీసుకెళ్ళింది. షామియానా కింద మైకులో పంచగలమా ఇవి? మిరప కోతకి పై ఊళ్ళ నుంచి వచ్చి గుడిసెలు వేసుకున్న ఆడకూలీలు పొడుగు చేతుల పాత చొక్కాలు, చేతులకి గ్లౌజులు అడిగారు. మిరపకాయ కోసి కోసి వేళ్ళు భగ్గుమంటుంటే రాత్రి పిల్లని దగ్గర పడుకోబెట్టుకోలేకపోతున్నాను, నా చెయ్యి తగిలి పిల్ల ఏడుస్తోంది అంది ఒకామె. (మాటలో మాట, పచ్చిమిరపకాయలు తరిగి చేతులు మండేవాళ్ళు నీళ్ళతో కడగడం వల్ల లాభం లేదు. ముందు వంటనూనె బాగా రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి. ఆ మంట నూనెలో కరుగుతుంది గానీ నీళ్ళలో కరగదు.)

అన్నిటికన్నా ఎక్కువమంది నోట వచ్చిన మాట మాత్రం కళ్ళు. "చూపు ఆనట్లేదమ్మా" అనేది ప్రతి రెండో ఇంట్లో విన్నాం.

మా పక్క మిరపకాయలు కళ్ళంలో ఎండబోశాక తాలు ఏరాలి. రంగు పోయి తెల్లబారిన కాయ ఎర్రకాయలో కలిస్తే గుంటూరు యార్డులో ధర పడిపోతుంది. ఆ ఏరేది ఆడవాళ్ళే, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా గొంతుక్కూర్చుని. నలభై దాటాక దగ్గర చూపు మందగిస్తుంది. ఇది జబ్బు కాదు, కంటిలోని కటకం బిరుసెక్కడం వల్ల అందరికీ వచ్చేదే. మనం సూదిలో దారం ఎక్కించమని పిల్లల్ని పిలుస్తామే, బియ్యంలో మెరికలు ఏరేటప్పుడు చేట దూరం పెడతామే, అదే. మనకైతే ఓ జత కళ్ళజోడుతో సరి. కళ్ళంలో కూర్చునే ఆవిడకి మాత్రం, "ముసలిదానివైపోయావ్, రేపట్నుంచి రావొద్దు" అనే మాటతో సరి. కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకున్నదానిలా ఫోజు కొడుతోందంటారని సిగ్గు ఒకటి.

అస్సాంలో టీ తోటల్లో నలభై దాటిన కూలీలకి దగ్గరచూపు కళ్ళజోళ్ళిచ్చి పరీక్ష చేశారు. ఆ ఫలితాలు 2018లో లాన్సెట్ వారి వైద్య పత్రికలో వచ్చాయి. జోడు లేనివాళ్ళకంటే జోడు పెట్టుకున్నవాళ్ళు రోజుకి ఐదు కిలోలకి పైగా ఆకు ఎక్కువ కోశారు, అంటే దాదాపు 22 శాతం ఎక్కువ. కోసిన ఆకును బట్టి కూలి వచ్చే చోట అదెంత డబ్బో మీరే లెక్కేసుకోండి. మా లెక్కల టీచరమ్మ గారు వేశారు. మేము కొనే రగ్గు రెండొందల ఇరవై. పేటలో దగ్గరచూపు రెడీమేడ్ జోడు నూట ఎనభై!

షికాగో లైబ్రరీలో లయన్స్ వాళ్ళు పెట్టిన పాత కళ్ళజోళ్ళ పెట్టె ఆవిడ చూశారట. వాడి పక్కన పడేసిన జోళ్ళు అందులో వేస్తే శుభ్రం చేసి, నంబరు కట్టి, బీదదేశాలకు పంపుతారు. లయన్స్ వాళ్ళకి కళ్ళ మీద అంత శ్రద్ధ రావడానికి కారణం హెలెన్ కెల్లర్. చూపు, వినికిడి రెండూ లేని ఆ మహాతల్లి 1925లో ఒహాయో రాష్ట్రంలో జరిగిన వాళ్ళ మహాసభకి వెళ్ళి, అంధుల పక్షాన నిలబడే వీరులు కమ్మని అడిగింది. ఊరికే సాయం చెయ్యమనలేదు, ఫలానా పని చెయ్యమని అడిగింది. వందేళ్ళు దాటినా ఆ పని సాగుతోంది. టీచరమ్మ గారు కూడా ఒక సంచెడు పాత జోళ్ళు తెస్తానని మొదట సంబరపడ్డారు గానీ, పేటలో కంటి డాక్టరు గారు వద్దన్నారు. ఒకరి పవరు ఇంకొకరికి సరిపోవడం అరుదు, సరైన నంబరు కొత్తది కొనడమే చవకని చెప్పారు. ఆయన చెప్పిందే సబబుగా తోచింది.

ఒక ఆదివారం కళ్ళు పరీక్ష చేసే అబ్బాయిని పేట నుంచి పిలిపించి బడి వరండాలో కూర్చోబెట్టాం. యాభై మూడు మందికి చూశాడు. ముప్పై నాలుగు మందికి దగ్గరచూపు జోళ్ళు చాలన్నాడు. పదకొండు మందికి శుక్లాలు, జోడు పనికిరాదు, ఆపరేషనే అన్నాడు. ఆపరేషన్ అంటే మీరు డబ్బు అనుకుంటారు. డబ్బు కాదు అడ్డం. గుంటూరు దగ్గర పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి వాళ్ళు పల్లెటూరి పేదలకి ఉచితంగానే చేస్తారు. అడ్డమల్లా తోడు. ఆపరేషన్ రోజునా, మళ్ళీ చూపించుకోవడానికీ వెంట ఒక మనిషి కావాలి. కొడుకు మిరప కోతల్లో, కోడలు పసిపిల్లతో. "నన్ను తోలుకుపొయ్యేదెవరు?" అనే ఒక్క మాట దగ్గర వీళ్ళ చూపు ఏళ్ళ తరబడి ఆగిపోయింది. చీటీల మీద మేము రాసిన అతి చవకైన వస్తువూ, ఎవరూ ముందుకొచ్చి తీసుకోని వస్తువూ అదే: 'తోడు, రెండు రోజులు.'

చీటీలు కట్టడానికి చెట్టు ఎక్కడిదంటారా? భోగిపళ్ళ కోసం కోసుకొచ్చిన రేగు కొమ్మ ఒకటి టీచరమ్మ గారి వరండాలో బకెట్ ఇసకలో గుచ్చాం. దారాలు కూడా అక్కర్లేదు, ముళ్ళకే చీటీలు గుచ్చేశాం. తీసేటప్పుడు వేళ్ళకి గీరుకుంటే, దానం ఊరికే వస్తుందా అని ఒకరినొకరు ఎగతాళి పట్టించుకున్నాం.

ఒక చీటీ సంగతి చెప్పి తీరాలి. ఆనవాలు మాత్రం చెప్పను. ఒకప్పుడు నాలుగు ఎకరాలు కౌలుకి చేసుకుని, పండక్కి పది ఇళ్ళకి అరిసెలు పంచిన ఇల్లు. 2021లో మిరప తోటలకి నల్ల తామర పురుగు పడి పూత మొత్తం రాలిపోయింది కదా, ఆ ఏడు మునిగారు. పొలం సొంతం కాదు, పరిహారం లేదు. ఆ దిగులుతో ఇంటాయన మంచాన పడి పోయాడు. ఆ ఇల్లాలు మా షామియానా వైపు ఎన్నడూ రాలేదు. పేదల లిస్టులో పేరు లేదు, ఆవిడ రాయించుకోదు కూడా. నేను ఏదో పని మీద వెళ్ళినట్టు వెళ్ళి, మజ్జిగ తాగి, వచ్చేస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆ చీటీల్లో పేరు రాయరంట కదా?" అంది. రాయమన్నాను. ఆవిడే రాసింది: అమ్మాయి, ఇంటరు రెండో సంవత్సరం, పరీక్ష ఫీజు, చెప్పులు ఆరో నంబరు.

ఆ చీటీ ఎవరు తీసుకున్నారో నాకూ తెలియదు. కవరు, చెప్పుల పెట్టె టీచరమ్మ గారి ఇంటికి చేరాయి, అక్కడినుంచి ఆ ఇంటికి చేరాయి. కనుమ నాడు ఆ పిల్ల కొత్త చెప్పులేసుకుని గుడికి వచ్చింది. నా పక్కన నిలబడినావిడ "ఏమ్మా, చెప్పులు బావున్నయ్యి, ఎక్కడ కొన్నారు?" అని అడిగితే, "మా అమ్మ తెచ్చిందండీ" అంది.

ఇక తినుబండారాల విషయం. ఏటా రగ్గుతోపాటు రెండు అరిసెలిచ్చేవాళ్ళం. ఈసారి అడిగితే ఏం చెప్పారో వినండి. షుగరున్న వాళ్ళు చక్రాలు పెట్టమన్నారు, పళ్ళు లేనివాళ్ళు సున్నుండలన్నారు. మూడు రకాలూ చేశాం. అరిసెలకి మా పద్ధతి చెబుతాను, కిలో బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం ఒక రాత్రీ పగలూ నానాలి, తడిపిండి ఆరకుండా జల్లించుకోవాలి. నీళ్ళలో వేసిన పాకం వేళ్ళతో దగ్గరకి తీస్తే ఉండ కట్టాలి. ముదిరిందా, అరిసె చెక్కలా గట్టిపడుతుంది. పొయ్యి దించాకే పిండి కలపాలి. చేతులు ఎక్కువ ఉన్నప్పుడే చెయ్యాల్సిన వంట అది, క్లబ్బులో ఇంకేం కలవకపోయినా అరిసెల దగ్గర ఇరవై మందీ కలిశాం. ప్రెసిడెంటు గారే పాకం పట్టారు.

టీచరమ్మ గారు భోగికి నాలుగు రోజుల ముందు దిగారు. నిద్ర ఇంకా మన టైముకి తిరగలేదు, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునేవారు. కొమ్మ మీద మిగిలిపోయిన 'తోడు' చీటీలు పదకొండూ ఆవిడే పీకి కొంగున కట్టుకున్నారు. పండగ వెళ్ళిన మూడోనాడు మొదటి ముగ్గురు ముసలమ్మలతో పెదకాకాని బయలుదేరారు. మా ఊరి నుంచి పేటకి ఒక బస్సు, పేట నుంచి గుంటూరుకి ఒకటి, అక్కడినుంచి ఆటో. సప్త సముద్రాలు దాటొచ్చిన మనిషి ఆ బస్సులో కిటికీ పక్క సీటు కోసం ముసలమ్మలతో పోట్లాడారట! రెండోసారి నేనూ వెళ్ళాను, మూడోసారి మా ప్రెసిడెంటు గారు వెళ్ళారు. పదకొండు మందిలో తొమ్మిది మందికి ఆపరేషన్ అయింది. ఒకావిడకి బీపీ తగ్గాక రమ్మన్నారు. ఇంకొకావిడ ఆసుపత్రి గేటు దాకా వచ్చి, భయమేసి, వెనక్కి తిరిగి వచ్చేసింది. ఎవరు చెప్పినా వినలేదు. కట్టు విప్పిన నాడు ఒక ముసలమ్మ టీచరమ్మ గారి మొహంలోకి తేరిపార చూసి, "నువ్వింత ముసలిదానివైపోయావేందమ్మా!" అందట. ఆవిడ ఇప్పటికీ అది చెప్పుకుని నవ్వుతారు.

డొక్కా సీతమ్మ గారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. గోదావరి లంకల్లో లంకల గన్నవరంలో, ఆకలన్నవాళ్ళకి వేళ కాని వేళ వండి పెట్టిన తల్లి. 2024లో మన ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడ జన్మలో ఒక్కసారి అంతర్వేది స్వామిని చూద్దామని పల్లకీలో బయలుదేరి, దారిలో పెళ్ళివారు కొందరు "ఆకలేస్తోంది, ఇంకాసేపట్లో సీతమ్మ గారింటికి చేరతాం" అనుకుంటుంటే విని పల్లకీ వెనక్కి తిప్పించేసిందని చెప్పుకుంటారు. టీచరమ్మ గారి ప్రయాణాల మీద మా క్లబ్బులో చిన్న సణుగుడు ఉంది, సేవ చేసేవాళ్ళకి ఈ అమెరికాలేమిటి అని. సీతమ్మ గారి కథే వాళ్ళు ఎత్తి చూపుతారు. నాకైతే ఆ పోలిక నచ్చదు. ఆవిడ వెనక్కి తిరిగింది దారిలో ఒక మాట చెవిన పడబట్టి. ఇంట్లోనే ఉంటే ఆ మాట వినేదా? ప్రయాణం చేసేవాళ్ళు చెవులు కూడా వెంట తీసుకెళితే చాలు.

తానా వాళ్ళు డిసెంబరులో మన ఊళ్ళకి వచ్చి చైతన్య స్రవంతి పేరుతో వైద్య శిబిరాలవీ పెడుతుంటారు. వాళ్ళకి అప్పుడు సెలవులు, అందుకని అప్పుడొస్తారు, సంతోషమే. కానీ మా కూలి ఆడవాళ్ళకి పనుల్లేని గడ్డుకాలం ఎండాకాలం చివర, వైశాఖ జ్యేష్ఠాలు. అప్పుడు ఏ పండగా లేదు, ఏ క్లబ్బూ రాదు. రేగు కొమ్మని అప్పుడు కూడా పెడదామా అంటే, మే నెలలో రేగు చెట్టుకి ఏముంటుందమ్మా ముళ్ళు తప్ప అన్నారు ప్రెసిడెంటు గారు. ముళ్ళుంటే చాలుగా అన్నాను.

లెక్క కూడా చెప్పాలి. బట్టల కొట్టాయన సగం ధర పోయింది, ముఖ్య అతిథి ఐదువేలు పోయాయి. మొత్తం ఖర్చు చూస్తే అంతకు ముందు ఏడాదికంటే తక్కువే పెట్టాం, ఎందుకంటే చిన్న చిన్న వస్తువులే అడిగారు. వెళ్ళిపోయిన ఇద్దరిలో ఒకరు తిరిగొచ్చారు, ఇంకొకరు రాలేదు. గ్లౌజులు మాత్రం సరిగా కుదరలేదు. మేము కొన్న రబ్బరువి చెమట పట్టి పనికి అడ్డమని కూలీలు తీసి పక్కన పెట్టేశారు. గుడ్డవి కుట్టించాలి. పాత నూలు లంగాల గుడ్డ అయితే బావుంటుందని టైలరమ్మాయి చెప్పింది. మీలో ఎవరైనా మిరప కోతకి అట్లాంటివి కుట్టి వాడి ఉంటే, ఏ కొలతకి కుట్టారో, వేళ్ళు విడివిడిగా పెట్టారో లేదో ఈ పత్రికకి ఒక ముక్క రాయండి. జనవరిలో మళ్ళీ కోతలు మొదలవుతాయి.